రెండో సూది

ఆ ఉదయం సున్నివాకు ఇన్సులిన్ సూది వేయడం తోరిల్ పని కాదు. అది హల్వార్ వంతు. విడాకులప్పుడు పిల్లతో పాటు పండగలను కూడా పంచుకున్నారు. క్రిస్మస్ తల్లికి, మే పదిహేడు తండ్రికి. ఆ జాతీయ దినం నాడు పొద్దున్నే అతను వచ్చి కూతురిని తీసుకెళ్తాడు. ఇప్పుడు బెంతెతో కలిసి ఉంటున్న తన ఇంట్లో ఫలహారం పెట్టించి, బడి పిల్లలతో పాటు ఊరేగింపులో నిలబెడతాడు. సూది కూడా అతనే వేయాలి. ఆస్పత్రిలో నర్సు ఎదుట ఇద్దరూ అలాగే ఒప్పుకున్నారు.

కానీ కిందటి చలికాలానికి ముందు అతను ఒకసారి మర్చిపోయాడు. ఆ ఆదివారం సాయంత్రం పిల్ల వాంతులు చేసుకుంటూ, కళ్ళు తేలేసి ఇంటికి వచ్చింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. అప్పటి నుంచి హల్వార్ ఏ పని చూసుకుంటానన్నా తోరిల్ నమ్మేది కాదు.

అందుకే ఆ పొద్దున, ఎర్రటి ఉన్ని పావడా, తెల్ల చొక్కా తొడిగి జడలు వేశాక, పిల్లను వంటింటి బల్ల అంచున కూర్చోబెట్టింది.

"ఇవాళ నాన్న వేస్తాడుగా అమ్మా?" అంది సున్నివా.

"నాన్నకి గుర్తుంటేగా! ఆ బెంతెతో కబుర్లలో పడితే నీకు కాలూ చెయ్యీ ఉన్నాయన్న సంగతే మర్చిపోతాడు. నేను వేసేస్తే నాకు నిశ్చింత. అమ్మ వేసేసిందని నాన్నతో చెప్పు. చెప్తావుగా?"

సున్నివా పావడా పైకి లాక్కుని తొడ చూపించింది. సూది దిగుతుంటే కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత చిన్నగా తలూపింది. తోరిల్ ఒక రొట్టె ముక్క మీద జున్ను పెట్టి ఇస్తే సగం తిని పక్కన పెట్టింది.

కింద కారు హారన్ మోగింది. మెట్లెక్కి వచ్చిన హల్వార్‌కు తోరిల్ పిల్ల కోటు అందించింది. అతని ముఖం చూడలేదు. అతను ఏదో అనబోయాడు. ఆమె తలుపు వేసేసింది.

తొందరపడకుండా తయారైంది తోరిల్. అమ్మమ్మ కుట్టిన నీలం ఉన్ని దుస్తులు, గుండెల మీద వెండి పతకం, నడుముకు వెండి బిళ్ళల పట్టా. ఏడాదికి ఒకసారి వేసుకునేవి, ఒళ్ళు వచ్చిందో తగ్గిందో అవే చెప్తాయి. ఈసారి వదులయ్యాయి. ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ కొట్లో అందరూ జంటలుగానో పిల్లలతోనో వెళ్తున్నారు. తను ఒక్కతే చిన్న కాగితం జెండా పట్టుకొని ట్రామెక్కింది. ట్రాము కిటకిటలాడుతోంది. దారిలో రెండుసార్లు ఆగిపోయింది. ఆమె కార్ల్ యోహాన్ వీధికి చేరేసరికి ఊరేగింపు మొదలైపోయింది.

వీధికి రెండు వైపులా తాళ్ళు కట్టారు. తాళ్ళ వెనక మనుషుల మీద మనుషులు. కొత్తగా చిగిర్చిన చెట్ల మీద, దీపస్తంభాల మీద, కుర్రాళ్ళ జేబుల్లో, కుక్కల మెడల్లో, ఎక్కడ చూసినా జెండాలే. బడి తర్వాత బడి, ప్రతి బడి ముందూ దాని బట్టజెండా, వెనక ఒక మేళం, దాని వెనక "హుర్రా" అని గొంతు చించుకునే పిల్లలు. అందరూ రాజభవనం వైపు ఎక్కుతున్నారు. అక్కడ మేడ మీద రాజకుటుంబం నిలబడి చేతులూపుతుంది.

నాటకశాల ముందు మూల స్తంభం దగ్గర నిలబడడం ఆ కుటుంబానికి అలవాటు. సున్నివాను హల్వార్ భుజాల మీద ఎక్కించుకొని చూపించే రోజుల నుంచీ అదే చోటు. తోరిల్ జనాన్ని తోసుకుంటూ అక్కడికి వెళ్ళేసరికి హల్వార్ అప్పటికే ఉన్నాడు. పక్కన కెమెరాతో బెంతె. ఇద్దరి చేతుల్లోనూ ఐస్‌క్రీములు.

"ఇంత ఊళ్ళో నీకు ఇంకో చోటు దొరకలేదా?" అంది తోరిల్.

"ఈ స్తంభం నీ పేరు మీద రాసి ఉందా?" అన్నాడు హల్వార్. వెంటనే మెత్తబడ్డాడు. "పండగ పూట వద్దులే. సున్నివా వాళ్ళ లిల్లెవిక్ బడి ఇంకా రాలేదు. నిలబడు."

బెంతె పక్కకు జరిగి చోటిచ్చింది. తోరిల్ ఆమెకేసి చూడకుండా నిలబడింది. డప్పులు దగ్గరపడుతున్నాయి.

"నువ్వు అడగవు కాబట్టి నేనే చెప్తున్నా," అన్నాడు హల్వార్, మేళం మోతలో వినపడాలని ఆమె చెవి దగ్గరికి వంగి. "ఈసారి మర్చిపోలేదు. ఫలహారానికి ముందే వేశాను. కొలత రెండుసార్లు సరిచూసుకున్నాను. బెంతె కూడా పక్కనే ఉంది."

తోరిల్ మెల్లగా అతని వైపు తిరిగింది. "ఏం వేశావు?"

"ఏం వేయడమేంటి? సూది."

"నేను వేసి పంపాను."

అతనికి వినపడలేదనుకుంది. మళ్ళీ చెప్పింది, అరిచి చెప్పింది. హల్వార్ చేతిలోని ఐస్‌క్రీము వంగిపోయి వేళ్ళ మీదుగా కారుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నీతో చెప్పమన్నాను దానికి!" అంది తోరిల్.

"దానికెందుకు చెప్పాలి? నేను నీ గుమ్మంలోనే నిలబడ్డానుగా! నోరు తెరిచేలోగా తలుపు ముఖాన వేశావు."

"ఏం తింది? మీ ఇంట్లో ఏం తింది?"

హల్వార్ బెంతె వైపు చూశాడు. బెంతె ముఖం పాలిపోయింది. "చేప ముక్క తింది. గుడ్డు కొంచెం. కేకు వద్దంది, తనకి మంచిది కాదంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను."

రెండు సూదుల మందు, సగం రొట్టె, ఒక చేప ముక్క. పైగా ఎండలో నడక. తోరిల్‌కు లెక్కలు అక్కర్లేదు. షుగర్ పడిపోతే ఏమవుతుందో ఆమె మూడేళ్ళుగా చూస్తోంది. ముందు చెమట, వణుకు. తర్వాత అర్థం లేని కోపం, తడబడే మాట. ఆ తర్వాత ఏమవుతుందో నర్సు చెప్పింది గాని ఎప్పుడూ చూడలేదు. అలాంటప్పుడు షుగర్ పెంచడానికి వేయాల్సిన సూది ఇంట్లో ఫ్రిజ్‌లో, వెన్న డబ్బా పక్కన ఉంది. చేతిలో ఫోన్లు లేని కాలం. ఎవరికని కబురు చేస్తుంది?

"లిల్లెవిక్ బడా?" అన్నాడు పక్కనున్న ముసలాయన. "పచ్చ జెండా, మీద పడవ బొమ్మ, అదేగా? ఇందాకే పోయిందమ్మా. మీరిద్దరూ కీచులాడుకుంటున్నప్పుడే."

తోరిల్ తాడు కిందనుంచి దూరి వీధిలోకి దూకింది. హల్వార్ ఊరేగింపుకు అడ్డంపడి అవతలి వైపుకు పరిగెత్తాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు, సైగ కూడా చేసుకోలేదు. ఆమె ఈ పక్క, అతను ఆ పక్క, మధ్యలో వేలమంది పిల్లలు. జెండాల సందుల్లోంచి అతని తల ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి మాయమవుతుంది.

"ఏమండీ! లోపలికి రాకూడదు!" అని ఊరేగింపు చూసుకునే ఒకాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుంది. వెండి బిళ్ళల పట్టా తెగి కింద పడింది. వెనక్కి చూడలేదు. ఉన్ని పావడా కాళ్ళకు చుట్టుకుంటుంటే రెండు చేతులా ఎత్తిపట్టుకొని పరిగెత్తింది. పిల్లలు ఆమెను చూసి నవ్వారు. "హుర్రా!" అని అరిచారు. ఆమె వాళ్ళ ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ప్రతి పిల్లకూ రెండు జడలే, ప్రతి పిల్లకూ ఎర్ర పావడాయే.

రాజభవనం ఎక్కే వాలు మీద పచ్చ జెండా కనిపించింది. పడవ బొమ్మ.  తోరిల్ పరిగెత్తి ఆస్లౌగ్ టీచరు భుజం పట్టుకుని లాగింది.

"సున్నివా ఏది?"

టీచరు నవ్వు ముఖంతో తిరిగి, ఆమెను చూసి నవ్వు ఆపేసింది. "మీ దగ్గరికే వస్తానందిగా! నాటకశాల దగ్గర అమ్మ ఉంటుంది, అక్కడికి పోతానంది."

"ఎప్పుడు? ఎక్కడ?"

టీచరు వెనక వరసలోని ఇల్వాను పిలిచింది. ఇల్వా సున్నివాకు ప్రాణస్నేహితురాలు. ఆ పిల్ల చేతిలో రెండు జెండాలున్నాయి.

"తను నన్ను కొట్టింది," అని మొదలుపెట్టి ఇల్వా ఏడ్చేసింది. "నేనేం అనలేదు. పిచ్చిపిచ్చిగా మాట్లాడింది. నా పేరు కూడా తప్పుగా పిలిచింది. తనకి ఊరికే చెమటలు పోస్తున్నాయి. నాతో మాట్లాడకు, పో అన్నాను. జెండా నా మీద పడేసి పోయింది."

"ఎక్కడమ్మా? ఏ చోట?"

"సింహాల దగ్గర."

పార్లమెంటు ముందు రాతి సింహాలు. అంటే నాటకశాలకు చాలా కింద. పిల్ల తమ దగ్గరికి వస్తూ దారిలోనే ఆగిపోయింది. తను దాన్ని వెతుకుతూ దానికి దూరంగా పరిగెత్తుకొచ్చింది.

వాలు అవతలి అంచున హల్వార్ రెండు చేతులూ చాచి "ఏమైంది" అని సైగ చేస్తున్నాడు. తోరిల్ అరిచింది. మధ్యలో బాకాలు, డప్పులు. ఒక్క ముక్క చేరలేదు. ఆమె జెండా పడేసి, రెండు చేతుల వేళ్ళూ పంజాల్లా వంచి ముఖం పక్కన పెట్టుకుని, నోరు బార్లా తెరిచి గర్జించినట్టు చేసింది. మళ్ళీ చేసింది. ఇద్దరు కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. అంత నవ్వులోనూ హల్వార్ ముఖంలో ఏదో వెలిగింది. వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు.

కిందికి వెళ్ళడం ఎక్కడం కన్నా కష్టమైంది. ఊరేగింపుకు ఎదురీదాలి. మేళాల వాళ్ళు దారివ్వరు, ఇవ్వలేరు. ఒక బాకా అంచు ఆమె చెంపకు తగిలింది.  "నాకు ఇంకేమీ వద్దు" అని లోపల ఎవరితోనో అంటోంది, ఎవరితో అన్నది ఆమెకే తెలియదు. "దాన్ని వాడే పెంచుకోనీ. నాకు ఆదివారాలు కూడా వద్దు. బతికుంటే చాలు."

సింహాల వెనక పచ్చిక వాలులో జనం తిని పారేసిన కాగితాలు, సాసేజీ ముక్కలు. హైస్కూలు చదువు ముగించిన సంబరంలో కుర్రకారు ఆనవాయితీగా ఎర్ర ఓవరాల్స్ వేసుకుని, మూడు వారాల తాగుడుతో సోలిపోయి అక్కడక్కడా పడి నిద్రపోతున్నారు. వాళ్ళ మధ్యనే, ఒక పొద పక్కన, ఎర్ర పావడాలో ఇంకో మనిషి పడి ఉంటే ఎవరు పట్టించుకుంటారు? ఎవరో పుణ్యాత్ములు నిద్రపోతోందనుకుని కోటు కూడా కప్పి వెళ్ళారు.

హల్వార్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పిల్ల ఒళ్ళు విల్లులా బిగుసుకుని కొట్టుకుంటోంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదాల చివర నురగ.

"ఇదిగో, ఇది తాగించు తల్లీ," అని ఒకావిడ నారింజ సోడా సీసా చాపింది.

"వద్దు! ఊపిరితిత్తుల్లోకి పోతుంది!" తోరిల్ ఆ సీసాను తోసేసింది. చుట్టూ చూసింది. ఒక చిన్నపిల్ల చేతిలో ఐస్‌క్రీము కనిపించింది. అడగలేదు, లాక్కుంది. చూపుడు వేలితో తీసి కూతురి చెంప లోపల, చిగుళ్ళ మీద రుద్దింది. బిగిసిన పళ్ళు ఆమె వేలి మీద పడ్డాయి. ఎముక దాకా దిగినట్టు నొప్పి. వేలు బయటికి తీయలేదు. ఇంకో చేత్తో ఇంకొంచెం తీసి పెట్టింది. మూడేళ్ళుగా మే పదిహేడుకి "నీకు వద్దమ్మా" అంటూ వచ్చిన ఐస్‌క్రీము. నెత్తురుతో కలిసి గులాబీ రంగులో పిల్ల గడ్డం మీదికి కారింది.

"రెడ్ క్రాస్ గుడారం అవతల ఉంది," అన్నాడు హల్వార్. పిల్లను ఎత్తుకుని లేచాడు.

అవతల అంటే వీధి దాటాలి. తాడు దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడే ఒక పెద్ద మేళం వచ్చి పడుతోంది. వరసకు ఎనిమిదిమంది, వెనక ఎన్ని వరసలో కనపడదు.

"ఈ మేళం పోనివ్వండి. ఒక్క నిమిషం ఆగండి."

"ఆగడమేంటయ్యా? చూడు దాన్ని!"

పోలీసు చూశాడు, అతని ముఖం మారింది. నోట్లో ఈల పెట్టుకుని ఊదాడు. బాకాల మోతలో ఆ ఈల ఎవరికీ వినపడలేదు. మేళం అడుగు తప్పకుండా వస్తూనే ఉంది. తోరిల్ ఈలోగా తాడు దాటి డప్పుల ముందుకు వెళ్ళి చేతులు చాచింది. వాళ్ళు ఆమెను తప్పించుకుని రెండు పక్కలా నడిచారు. పండగలో ఎవరో తాగిన ఆడమనిషి అనుకున్నారు.

"ఏయ్, లేవండ్రా!" పచ్చికలోంచి ఒక గొంతు లేచింది. ఎర్ర ఓవరాల్ వేసుకున్న పొడుగాటి కుర్రాడు, నిలబడితే ఊగుతున్నాడు. "తార్యెయ్! మార్తె! లేవండి, పిల్ల చచ్చిపోతోంది!"

ఏడెనిమిది మంది లేచి వచ్చారు. ఒకడికి బూట్లు లేవు. చేతులు చేతులు కలిపి వీధికి అడ్డంగా గొలుసు కట్టి, మేళానికి ఎదురుగా నిలబడిపోయారు. జనం కేకలు వేశారు. "సిగ్గులేదా! పిల్లల పండగ పాడుచేస్తారా!" అని ఒకావిడ తిట్టింది. ఎవరో సాసేజీ విసిరారు, అది తార్యెయ్ మెడకు తగిలింది. అతను కదల్లేదు.

మేళం నడిపే పెద్దమనిషి ముందు మండిపడ్డాడు. తర్వాత హల్వార్ చేతుల్లోంచి వేలాడుతున్న చిన్న కాళ్ళు చూశాడు. చేతిలోని బెత్తం పైకెత్తి, ఒక్కసారి దించాడు. డప్పులు ఆగాయి. బాకాలు ఒకటొకటిగా ఆగాయి. ముందు వరసలు రెండుగా చీలి పక్కకు జరిగాయి. ఆ మౌనం వీధి వెంట రెండు వైపులా పాకింది. దూరాన ఇంకో మేళం మాత్రం ఏమీ తెలియక వాయిస్తూనే ఉంది.

ఆ సందులోంచి వాళ్ళు దాటారు.

గుడారంలో ఒక యువ డాక్టరు మారుమాట లేకుండా పిల్ల చేతి నరం వెతికాడు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికింది. చక్కెర నీళ్ళు ఎక్కుతుంటే కొట్టుకోవడం తగ్గింది. కానీ కళ్ళు తెరవలేదు. వెనక సందులోంచి అంబులెన్సు వచ్చింది.

ఆస్పత్రి నడవాలో బెంచీ మీద ఇద్దరూ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. తోరిల్ వేలికి కుట్లు వేశారు. కొంతసేపటికి బెంతె వచ్చింది. పచ్చికలో దొరికిన సున్నివా బూటు ఒకటి ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"దానితో చెప్పించే బదులు నాకో చీటీ రాసి ఉండొచ్చుగా," అన్నాడు హల్వార్.

"నువ్వు ఒక్క మాట అడిగి ఉండొచ్చుగా. వేశావా అని."

"నిన్నా? నువ్వు సమాధానం చెప్తావా?"

చెప్పదు. తోరిల్‌కు తెలుసు. రెండేళ్ళుగా గొడవకి తప్ప తను అతనితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. "మీ నాన్నతో చెప్పు" అనేది. అక్కడ అతను "మీ అమ్మనడుగు" అనేవాడు. తొమ్మిదేళ్ళ పిల్ల వాళ్ళిద్దరి మధ్యా టపా మోసింది. ఏ మాట అందిస్తే ఎవరి ముఖం మాడుతుందో దానికి తెలుసు. ఏది అందించాలో, ఏది మింగెయ్యాలో తనే తేల్చుకునేది.

"దానికి చెప్పాలనిపించలేదు," అంది తోరిల్. "చెప్తే నువ్వేమంటావో దానికి తెలుసు."

"ఏమంటాను?"

"అదే. నమ్మకం లేదు మీ అమ్మకి, అని."

 హల్వార్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఒకప్పుడైతే ఆమె చెయ్యి వేసి ఉండేది. ఇప్పుడు బెంతె వైపు చూసింది. బెంతె వచ్చి అతని పక్కన కూర్చుంది. తోరిల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎక్కడో ఇంకా బాకాలు వాయిస్తున్నారు.

పెద్ద డాక్టరు వచ్చి ఏమీ దాచకుండా చెప్పింది. "చాలాసేపు మెదడుకి తిండి లేదు. ప్రాణానికి భయం లేదు. మిగతాది లేచాక చూడాలి. నేను మాటివ్వలేను."

పొద్దు వాలాక సున్నివా కళ్ళు తెరిచింది. తల్లిని చూసింది, తండ్రిని చూసింది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నందుకు ఆ ముఖంలో భయం కనిపించింది.

"గొడుగు," అంది.

"ఏమ్మా?"

"గొడుగు. గొడుగు కావాలి." ఎండిన పెదాలు నాకింది. మాట తప్పని దానికే తెలిసి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. హల్వార్ నీళ్ళ గ్లాసు అందించాడు. కుడి చేతిని ఎత్తబోతే చెయ్యి లేవలేదు. ఎడం చేత్తో పట్టుకుంది.

చెయ్యి వారం తిరిగేసరికి స్వాధీనంలోకి వచ్చింది. మాటలు మాత్రం మెల్లగా వచ్చాయి. ఎండాకాలమంతా రొట్టెను కుర్చీ అనేది, ఇల్వాను ఇంకేదో పేరుతో పిలిచేది. బడి తెరిచాక లెక్కల్లో కింది తరగతి పుస్తకం ఇచ్చారు. వచ్చినవి వచ్చాయి, రానివి రాలేదు. ఎందుకు చెప్పలేదని తోరిల్ దాన్ని ఎన్నడూ అడగలేదు. హల్వార్ కూడా అడగలేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున తోరిల్ సూది సిద్ధం చేసింది. సున్నివా బల్ల అంచున కూర్చుంది గాని పావడాను రెండు చేతులా మోకాళ్ళ మీద బిగించి పట్టుకుంది.

"నాన్న..." అంది. తర్వాతి మాట వెతుక్కుంది. దొరకలేదు. గోడకున్న ఫోను వైపు చూపించింది. "నాన్నకి. నువ్వు."

"మనం నిన్న రాత్రి నుంచీ ఇక్కడే ఉన్నాం కదమ్మా. నాన్న ఎలా వేస్తాడు?"

సున్నివా పట్టు వదల్లేదు. 

తోరిల్ సూదిని గిన్నెలో పెట్టి లేచింది. ఆ నంబరుకు ఆమె ఎప్పుడూ చేయలేదు, అయినా నోటికొచ్చు. రెండు మోతల తర్వాత బెంతె ఎత్తింది.

"బెంతె, నేను తోరిల్‌ని. ఇప్పుడు దానికి సూది వేస్తున్నాను. మీరు..." బల్ల మీది పిల్ల వైపు చూసింది. "మీరు వేయలేదుగా?"

 "లేదు తోరిల్. మేం వేయలేదు. వేసేయ్."

"సరే. మళ్ళీ సాయంత్రం చేస్తాను."

ఆమె వెనక్కి వచ్చేసరికి సున్నివా పావడా అంచు వదిలిపెట్టి, తొడ చూపిస్తూ కూర్చుని ఉంది.